పులికై సిద్ధమై పికిలిపిట్టను చూచిన వేళ

తానొకటి తలచిన దైవమొకటి తలచునని మన పెద్దలు చెప్పిన మాట అందరికీ అనుభవమే. సెలవు మంజూరై, గది ఖరారై, పెట్టె సర్దుకున్న తరువాత ప్రయాణం ఆగిపోతే కలిగే నిరాశను ఉద్యోగస్తులకు ప్రత్యేకించి వివరించనక్కరలేదు. 2020 మార్చి నెలలో అట్టి నిరాశకు గురికాని కుటుంబం మన దేశంలో దాదాపు లేదనవచ్చు. ఎందరి ఇళ్ళలోనో పెళ్ళిళ్ళు వాయిదా పడ్డాయి, తీర్థయాత్రలు ఆగిపోయాయి, కన్నవారి కడసారి చూపునకు సైతం నోచుకోనివారున్నారు. వాటి ముందు నా నష్టం మిక్కిలి స్వల్పం. ఒక పులిని ఛాయాచిత్రం తీయాలనుకున్నాను, తీయలేకపోయాను. అంతే. అయితే ఆ తీయలేకపోవడం వల్ల నాకు దక్కినదేమిటో సహోద్యోగ మిత్రులతోనూ, వారి కుటుంబ సభ్యులతోనూ పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

చిరకాల వ్యసనం

మన సంస్థ ఢిల్లీ కార్యాలయానికి బదిలీపై వచ్చిన తొలి సంవత్సరంలోనే నాకు కెమెరా పిచ్చి పట్టుకుంది. అవి ఫిల్ము రీళ్ళ రోజులు. ముప్ఫయ్యారు ఫోటోలు వచ్చే రీలును నెల రోజులపాటు పొదుపుగా వాడుకునేవాణ్ణి. ఢిల్లీలో ఉద్యోగం చేసేవారికి ఈ విషయంలో ఒక అదృష్టముంది. గుర్‌గావ్ దాటగానే సుల్తాన్‌పూర్ చెరువు, యమునపై ఓఖ్లా ఆనకట్ట వెనుక నీటిపక్షుల అభయారణ్యం, రాజస్థాన్ వైపు వెళితే 1985లో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాకెక్కిన భరత్‌పూర్ కేవలాదేవ్ ఉద్యానవనం – ఇవన్నీ ఆదివారానికి అందుబాటులో ఉన్నవే. ఢిల్లీ పరిసరాలలో 400కు పైగా పక్షిజాతులు నమోదయ్యాయంటే చాలామంది నమ్మరు.

సెలవు దొరికితే చాలు, నేను కెమెరా సంచీతో బయలుదేరేవాణ్ణి. ఇంట్లో మా శ్రీమతి, అమ్మాయి ఉండేవారు. తిరిగివచ్చి ఫోటోలు చూపిస్తే ఇద్దరూ ఓపికగా చూచేవారు. ఇన్నేళ్ళలో నాకు దొరకనిది ఒక్క పులి మాత్రమే. రెండుసార్లు అడవికి వెళ్ళి అడుగుజాడలు చూచి వచ్చాను. 2020 జూన్ 30న నా పదవీ విరమణ. ఆలోగా కార్బెట్ ఉద్యానవనంలోని ఢికాలాకు వెళ్ళి రెండు రాత్రులు గడపాలని ఇద్దరు మిత్రులతో కలిసి నిశ్చయించాను. 1936లో హేలీ నేషనల్ పార్క్ అన్న పేరుతో ఏర్పడిన ఆ అడవి మన దేశపు మొదటి జాతీయ ఉద్యానవనం. 1973 ఏప్రిల్ 1న ప్రాజెక్ట్ టైగర్ ప్రారంభమైనదీ అక్కడే. రామగంగ ఒడ్డున గడ్డి మైదానం, అందులో జింకల మందలు, వాటి వెనుక పులి – ఇదంతా నా మనసులో ముందే బొమ్మ కట్టింది. మార్చి 27 శుక్రవారం ప్రయాణం. దాచుకున్న సొమ్ముతో ఒక పెద్ద టెలిఫోటో లెన్సు కూడా కొన్నాను.

తలుపులు మూతపడిన ఉగాది

మార్చి నెల సగమయ్యేసరికే ఉద్యానవనాల ద్వారాలు మూతపడసాగాయి. 22వ తేదీ ఆదివారం జనతా కర్ఫ్యూ. రైళ్ళు ఆగిపోయాయి. 24వ తేదీ రాత్రి ప్రధానమంత్రి ప్రసంగం విన్నాము. అర్ధరాత్రి నుండి దేశమంతటా లాక్‌డౌన్. తెల్లవారితే శార్వరి నామ సంవత్సర ఉగాది.

ఢిల్లీలో వేపచెట్లకు కొదవ లేదు కానీ అవి ఉగాది నాటికి పూయవు, ఏప్రిల్ గడవవలసిందే. కనుక మా ఇంట్లో ఏటా ఊరినుండి తెచ్చి దాచుకున్న ఎండు వేపపువ్వుతోనే పచ్చడి. ఆ ఉదయం మామిడికాయ కూడా దొరకలేదు. చింతపండు, బెల్లం, ఎండుపువ్వుతో పచ్చడి కానిచ్చి, సర్దిన పెట్టెను విప్పుతూ కూర్చున్నాను. లెన్సును గుడ్డతో తుడిచి మళ్ళీ సంచీలో పెట్టాను. పదవీ విరమణలోగా ఇక అవకాశం లేదని తెలుస్తూనే ఉంది, ఎందుకంటే వర్షాకాలం కోసం జూన్ మధ్యలో ఢికాలాను మూసివేస్తారు. ఆ దిగులు ముఖాన కనిపించి ఉంటుంది. మా శ్రీమతి బాల్కనీలోనుండి మెల్లగా పిలిచింది.

“ఏమండీ, మీ పులి రాకపోయినా మనింటికి చుట్టాలొచ్చారు. చప్పుడు చేయకుండా రండి.”

మయూర్ విహార్‌లోని మా మూడవ అంతస్తు ఇంటి బాల్కనీ ఒక మంచం పట్టేటంత ఉంటుంది. కటకటాల పొడుగునా ఆమె పెంచిన రాధామనోహరం తీగ అల్లుకుని ఉన్నది. ఆ ఆకుల మధ్య రెండు పికిలిపిట్టలు! నల్లని తల, తలపై చిన్న కుచ్చు, తోక క్రింద ఎర్రని మచ్చ. ఒకదాని ముక్కున ఎండు పీచు ఉన్నది.

“గూడు కడుతున్నట్టున్నాయే!” అన్నాను.

“ఏటా ఇక్కడే కడతాయి” అన్నదామె.

“నీకెప్పటి నుంచి తెలుసు?”

“అమ్మాయి ఇంటర్ చదివేటప్పటి నుంచి. మీకు చెప్పాను కూడా. అప్పుడు మీరు భరత్‌పూర్ వెళ్ళే హడావిడిలో ఉన్నారు.”

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అందుకనే ఆ మాట నాకు మరింతగా తగిలింది.

లెన్సు నేర్పిన పాఠం

నేను వెంటనే కెమెరా తెచ్చాను. పెద్ద లెన్సు బిగించి, గది కిటికీలోనుండి గురి చూచాను. బొమ్మ కుదరలేదు. ఎంత తిప్పినా మసకే. ఈ లెన్సులకు ఒక పరిమితి ఉంటుంది. దూరానున్న జంతువును కళ్ళముందుకు తెస్తాయి గాని, ఒక హద్దు కంటె దగ్గరగా ఉన్నదానిపై వాటి చూపు నిలవదు. నా లెన్సుకు కనీసం తొమ్మిది అడుగుల దూరం కావాలి. గూడున్నది కిటికీకి నాలుగడుగులలో! వంద గజాల అవతలి పులి కోసం కొన్న సాధనం, నాలుగడుగులలోని పికిలిపిట్టను చూడలేకపోయింది. ఈ మాట లెన్సుకు మాత్రమే వర్తిస్తుందా అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను.

మరునాడు చిన్న లెన్సు బిగించాను. ఈసారి ఒక ఆకు అడ్డం వచ్చింది. కత్తెర తీసుకుని ఆ ఒక్క కొమ్మ కత్తిరిస్తే సరిపోతుందనుకుని బాల్కనీలో అడుగుపెట్టబోయాను. మా శ్రీమతి చేయి అడ్డుపెట్టింది.

“పురిటింట్లోకి ఎవరైనా కెమెరా పట్టుకుని వెళతారా? ఆ ఆకు వాటికి తలుపండీ.”

ఆమె ఏ పుస్తకమూ చదివి చెప్పిన మాట కాదది. అయినా అనుభవజ్ఞులైన ఛాయాగ్రాహకులు చెప్పేదీ అదే. గూటికి అడ్డమున్న ఆకు తొలగితే గుడ్లకు ఎండ తగులుతుంది, కాకి కంట పడుతుంది, బెదిరిన తల్లి గూడు వదలిపోవచ్చు. గూటి చిత్రాలను స్వీకరించని ఛాయాచిత్ర పోటీలు చాలా ఉన్నాయి. అడవి పక్షుల గుడ్లను, గూళ్ళను చెడగొట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దృష్టిలో వేట క్రిందికే వస్తుంది. ఇవన్నీ నాకు తెలిసిన సంగతులే. తెలిసి కూడా కత్తెర పట్టుకున్నాను. కెమెరా బీరువాలో పెట్టి, అమ్మాయి వదలి వెళ్ళిన పాత నోటుపుస్తకం ఒకటి తీసుకున్నాను. చూచినది వ్రాయడం అలా మొదలైంది.

ఇల్లున్నవారి ఊరట

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా దాటవేయడం న్యాయం కాదు. మా కాలనీ ప్రక్కనుండే ఘాజియాబాద్ వైపు జాతీయ రహదారి వెళుతుంది. మార్చి ఆఖరి వారంలో మా మేడపైనుండి చూస్తే ఆ రహదారిపై జనం నడిచిపోతూ కనిపించేవారు. నెత్తిన మూటలు, చంకన బిడ్డలు. 28వ తేదీన ఆనంద్ విహార్ బస్సు స్టేషను వద్దకు వేల సంఖ్యలో కూలి జనం చేరిన దృశ్యం దేశమంతా చూచింది. పని పోయింది, అద్దె కట్టలేరు, ఊరు వందల మైళ్ళు. మా కాలనీవాసులు ఇంటింటా పొట్లాలు కట్టి పంపారు. మా శ్రీమతి రెండు రోజులు పులిహోర చేసింది. నడిచేవారికి చేతిలో పట్టుకుని తినడానికి అనువుగా ఉంటుందని ఆమె ఆలోచన.

ఇంట్లో కూర్చుని ఊరట పొందడమన్నది ఇల్లున్నవారికి, నెల జీతం వచ్చేవారికి దక్కిన భాగ్యం. నా ప్రయాణం రద్దయినదని ఆ తరువాత నేనెన్నడూ పైకి అనలేదు.

నోటుపుస్తకంలోని నెల

వాహనాలు ఆగిపోవడంతో ఢిల్లీ ఆకాశం నీలంగా మారింది. ఏప్రిల్ మొదటి వారంలో పంజాబులోని జలంధర్ వాసులకు తమ మేడలపైనుండి ధౌలాధార్ మంచుకొండలు కనిపించాయని పత్రికలు వ్రాశాయి. మాకు కొండలు కనిపించలేదు గాని, చప్పుళ్ళు వినిపించాయి. రాగిరేకు మీద సుత్తి కొట్టినట్లు ‘టుక్ టుక్’ మని కంసాలిపిట్ట. ఇన్నాళ్ళూ అది ఎక్కడో మరమ్మతు పనివారి చప్పుడనుకున్నాను! ఎర్రని పూలు రాలుస్తున్న బూరుగుచెట్టుపై గోరింకల తగవులాట. సాయంత్రం చిలుకల గుంపు. చీకటి పడగానే ఎదుటి వేపచెట్టు తొర్రలో పైడికంటి జంట. 2012లో ఢిల్లీ రాష్ట్రపక్షిగా ప్రకటితమైన పిచ్చుక మాత్రం నెలకు నాలుగుసార్లే కనిపించింది.

ఇవన్నీ మా శ్రీమతికి పాత పరిచయాలే. బాల్కనీ మూల ఒక మట్టిమూకుడులో ఏళ్ళ తరబడి ఆమె నీళ్ళు పోస్తున్నది. ఏది ఏ వేళకు వస్తుందో, ఏది దేనిని తరిమివేస్తుందో ఆమెకు తెలుసు. పేర్లు మాత్రం తనవి. పొడుగు ముక్కున్న బూడిదరంగు కొమ్ముపిట్ట ఆమెకు ‘ముక్కు మాస్టారు’. మెరిసే నల్లని తేనెపిట్ట ‘పట్టుచొక్కా’. నేను పుస్తకం చూచి అసలు పేరు చెబితే, ఆమె దాని అలవాట్లు చెప్పేది. ముప్ఫై ఏళ్ళ సంసారంలో మేమిద్దరం ఒకే విషయం గురించి గంటసేపు మాట్లాడుకున్న సందర్భాలు అంతకు మునుపు ఎక్కువ లేవు.

విజయవాడలో ఉన్న మనుమడికి రోజూ ఫోనులో బాల్కనీ చూపించేవాళ్ళం. ఒకనాడు ఉడుత కనిపించింది. వాడు వీపుమీది చారలు లెక్కపెట్టి, “తాతయ్యా, మా ఉడుతకు మూడే, మీ ఉడుతకు ఐదున్నాయి!” అని అరిచాడు. నేను నమ్మలేదు. మరునాడు లెక్కపెట్టి చూచాను. వాడి మాటే నిజం. మన తెలుగునాట సాధారణంగా కనిపించేది మూడు చారల ఉడుత. ఉత్తరాదిది ఐదు చారల ఉడుత. రెండూ వేర్వేరు జాతులు. వారధి కట్టేటప్పుడు శ్రీరాముడు నిమిరిన వేళ్ళ గుర్తులని మనవాళ్ళు చెప్పుకునేది మూడు చారల సంగతి. “మరి ఢిల్లీ ఉడుతను రాముడు రెండు చేతులతో నిమిరాడా?” అని వాడు అడిగాడు. సమాధానం మా శ్రీమతికి వదిలేశాను. ఢిల్లీలో ఇన్నేళ్ళుండి, ఎదుటనున్న ఉడుత చారలు నేను లెక్కపెట్టలేదన్నది మాత్రం ఒప్పుకోవలసిన నిజం.

ఢిల్లీ తోటలో ఒక రాయబారి

ఇంటి ముంగిటనే చూచి తృప్తిపడినవాళ్ళలో మాకంటె చాలా పెద్దవారున్నారు. 1955 నుండి 1960 వరకు ఢిల్లీలో బ్రిటిష్ హైకమిషనరుగా పనిచేసిన మాల్కం మెక్‌డొనాల్డ్, బ్రిటన్ ప్రధానిగా ఉన్న రామ్సే మెక్‌డొనాల్డ్ కుమారుడు. రెండు దేశాల వ్యవహారాలు చక్కబెట్టే ఆ పెద్దమనిషి, తీరిక చిక్కినప్పుడల్లా తన బంగళా తోటలోని పక్షులను, వాటి గూళ్ళను గమనిస్తూ వ్రాసుకున్నాడు. ‘బర్డ్స్ ఇన్ మై ఇండియన్ గార్డెన్’ అన్న పేరుతో అది 1960లో పుస్తకంగా వెలువడింది. అందులోని ఛాయాచిత్రాలు క్రిస్టినా లోక్ అనే ఆమె తీసినవి. ఆయన రాసినది ఏ మారుమూల అరణ్యాన్ని గురించీ కాదు. ప్రతి ఉదయం కిటికీ తెరిస్తే కనిపించే తోటను గురించే. బంగళా తోటకు, మా మంచమంత బాల్కనీకి పోలిక లేదు. చూపు విషయంలో మాత్రం పోలిక ఉండవచ్చుననిపించింది.

మూడు గుడ్లు, రెండు పిల్లలు

ఏప్రిల్ 5 ఆదివారం ఉదయం గూటిలో మొదటి గుడ్డు కనిపించింది. లేత గులాబి రంగుపై ఎర్రని చుక్కలు. ఆ రాత్రి తొమ్మిది గంటలకు దేశమంతా విద్యుద్దీపాలు ఆర్పి తొమ్మిది నిమిషాలు దీపాలు వెలిగించింది. మేము మా దీపం బాల్కనీలో కాక వంటింటి కిటికీలో పెట్టాము. కాలనీలో కొందరు టపాసులు కాల్చారు. గూడు ఖాళీ అవుతుందని భయపడ్డాము గాని, తెల్లవారి రెండవ గుడ్డు కనిపించింది. 7వ తేదీకి మూడు.

12వ తేదీ సాయంత్రం ఢిల్లీలో భూమి కంపించింది. తీవ్రత 3.5, భూకంప కేంద్రం ఢిల్లీలోనే. బయటికి రావద్దని ప్రభుత్వం, లోపల ఉండవద్దని భూమి! మెట్లు దిగి, దూరదూరంగా నిలబడి ఒకరి ముఖం ఒకరు చూచుకున్నాము. తిరిగి పైకి వచ్చేసరికి మా శ్రీమతి మొదట చూచినది గూడునే. పిట్ట గుడ్లపై కూర్చుని ఉన్నది. అది కదిలిందో లేదో తెలియదు. మాకంటె ముందే ఇంటికి చేరిందన్నది మాత్రం నిశ్చయం.

19వ తేదీన మొదటి పిల్ల, మరునాడు రెండవది బయటికి వచ్చాయి. మూడవ గుడ్డు పొదగలేదు. తల్లి, తండ్రి పోటీపడి పురుగులు తెచ్చిపెట్టేవి. మే 2 నాటికి పిల్లలు రెండూ గూటి అంచున నిలబడసాగాయి. 3వ తేదీ ఉదయం వైద్య సిబ్బందికి వందన సూచకంగా వైమానిక దళం విమానాలు ఢిల్లీ మీదుగా ఎగిరాయి. హెలికాప్టర్లు ఆసుపత్రులపై పూలు చల్లాయి. కాలనీవాసులంతా మేడలెక్కి ఆకాశం చూస్తుంటే, మేమిద్దరం కిటికీ దగ్గర నిలబడి కటకటాలను చూస్తున్నాము. మొదటి పిల్ల నాలుగడుగుల దూరం ఎగిరి ఇనుపకమ్మీ పట్టుకుంది. జారింది, మళ్ళీ పట్టుకుంది. గంట తరువాత ఎదుటి వేపచెట్టు. మధ్యాహ్నానికి రెండవది కూడా వెళ్ళిపోయింది.

వారం తరువాత, మే 10న, పట్టపగలు చీకటిచేస్తూ ధూళి తుఫాను వచ్చి ఖాళీ గూడును ఒరగద్రోసింది. పిల్లలు అప్పటికే ఎగిరిపోయాయన్న తృప్తితో మేమిద్దరం తలుపులు వేసుకుని కూర్చున్నాము. ఆ నలభై రోజులలో నేను తీసిన ఫోటోలు మూడే. వాటిలో గూడు లేదు. నీళ్ళ మూకుడు అంచున పికిలిపిట్ట, దాని వెనుక మసకగా మా శ్రీమతి చీర అంచు – నా దగ్గరున్న వేల బొమ్మలలో మా ఇంట్లో చట్రం కట్టి గోడకు తగిలించినది అదొక్కటే.

మనవి

జూన్ 30న కంప్యూటరు తెరమీదనే నా వీడ్కోలు సభ జరిగింది. 2022 మార్చిలో మళ్ళీ ఢికాలాకు బయలుదేరాను. ఈసారి మా శ్రీమతి కూడా వచ్చింది. పులి కనబడలేదు. విశ్రాంతి గృహం ముందు తెల్లని బుగ్గలు, ముందుకు వంగిన జుట్టు ఉన్న కొండ పికిలిపిట్టను మొదట చూచినది ఆమే. “మనవాళ్ళ చుట్టమేనండీ ఇది” అన్నది. ఇద్దరం నవ్వుకున్నాము.

అడవులకు వెళ్ళవద్దని నేను చెప్పడం లేదు. తప్పక వెళ్ళండి. అయితే మన టౌన్‌షిప్పులలో ఎన్ని చెట్లున్నాయో, వాటిపై ఎన్ని ప్రాణులు కాపురముంటున్నాయో ఒక్కసారి చూడండి. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ప్రపంచవ్యాప్తంగా పెరటి పక్షుల లెక్క జరుగుతుంది. 1998లో అమెరికాలో మొదలైన ఈ కార్యక్రమంలో 2013 నుండి మన దేశమూ పాల్గొంటున్నది. పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడి, కనిపించిన పక్షులను వ్రాసి పంపితే చాలు. విద్యాలయాలు, సంస్థల ప్రాంగణాల కోసం ఇందులో భాగంగానే ‘కాంపస్ బర్డ్ కౌంట్’ నిర్వహిస్తున్నారు. మన కాలనీలలోని పిల్లలు ఇందులో పాలుపంచుకుంటే ఎంత బాగుంటుంది! కెమెరా అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, వేసవిలో వెడల్పాటి మట్టిమూకుడులో రోజూ మార్చిన నీళ్ళు ఉంటే సరిపోతుంది.

అన్నిటికంటె ముందు, ఆ మూకుడులో ఇన్నేళ్ళుగా నీళ్ళు పోస్తున్నవారెవరో మీ ఇంట్లో కూడా ఉండవచ్చు. వారినొకసారి అడిగి చూడండి. మీకు తెలియని సంగతులు చాలా చెబుతారు.